పదకొండు సంతకాల ఇల్లు

విశాఖ మధురవాడలో మా మేనత్త మనవడి గృహప్రవేశం. భోజనాలయ్యాక కిళ్లీలు నములుతూ కూర్చున్నచోట మాట మా మేనకోడలి మీదకి మళ్లింది. అది జపాన్‌లో, ఒసాకాలో ఫ్లాటు ఖాళీ చేసి, వకయామా కొండల్లో ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న పాత ఇల్లొకటి కొని, మొగుణ్ణీ ఐదేళ్ల పిల్లనీ తీసుకుని అక్కడికి మారిపోయిందని అప్పటికే అందరికీ తెలుసు. ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో చూశారు. "ఇక్కడ ముత్తాత కట్టిన ఇల్లు కూలిపోతోంది. ఈ పిల్ల దేశంకాని దేశంలో ఎవరి కొంపకో పెంకులు నేయిస్తోందట!" అన్నాడు మా బావ ఒకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పైగా "నేనూ అదే అన్నాను దానితో" అని ఓ మాట కలిపాను కూడా. దాని తండ్రి, అంటే మా అన్నయ్య, మాత్రం నవ్వలేదు. చేతిలో మంచినీళ్ల సీసా మీద అట్ట చదువుతూ కూర్చున్నాడు.

ఇది జరిగింది పోయిన సెప్టెంబరులో. నవంబరులో నేను ఆ ఇంటికి వెళ్లి మూడు వారాలు ఉండి వచ్చాను. ఆ రోజు నవ్వినందుకు ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు ఎందుకో తేల్చుకోవడానికే ఇదంతా రాస్తున్నాను. "సొంతూరి ఇల్లు వదిలేసి పరాయి దేశంలో పాత ఇల్లు బాగుచేయడం ఏమిటి" అనే ప్రశ్న వినడానికి బాగానే ఉంటుంది. అడిగేవాళ్లలో చాలామంది ఆ సొంతూరి ఇంటికి తామే అడ్డం కూర్చున్నారన్నది నా అభిప్రాయం. నేనూ అందులో ఉన్నాను.

ఒక్క యూరో ఇల్లు

ముందు ఇంకో మాట తేల్చేస్తాను. బీచ్ రోడ్డులో పొద్దున్నే నాతో నడిచే స్నేహితురాలి భర్త, ఆయన కూడా బ్యాంకులోనే రిటైరయ్యారు, మా మేనకోడలి కథ విని ఉత్సాహపడిపోయారు. ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లు ఇస్తున్నారట కదా, వంద రూపాయలు, పోతే పోయింది అని. ఆయన వీడియోలు చాలా చూశారు.

సిసిలీలో సంబూకా అనే ఊరు 2019లో 16 పాత ఇళ్లని ఒక్కో యూరో నుంచి వేలానికి పెట్టిన మాట నిజమే. అయితే కొన్నవాడు మూడేళ్లలో బాగుచేయించాలి, దానికి పూచీగా 5,000 యూరోలు ముందే కట్టాలి. చేయించకపోతే ఆ డబ్బు పోతుంది. ఇల్లుంది కదా అని అక్కడ ఉండిపోనివ్వరు. మన పాస్‌పోర్టు మీద టూరిస్టు వీసాతో వెళ్తే 180 రోజుల్లో 90 రోజులే. అసలు అక్కడ నివాస అనుమతి లేని విదేశీయుడు ఆస్తి కొంటానంటే, మావాడు మీ దేశంలో కొనగలడా అని ఇటలీ చట్టం తిరిగి అడుగుతుంది. మన విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమానేమో ఇక్కడ నివాసం లేని విదేశీయుణ్ణి మామూలుగా ఇల్లు కొననివ్వదు. ఇక డబ్బు పంపడం సంగతి. ఆర్‌బీఐ స్కీము కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకూ పంపుకోవచ్చు గానీ, 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటు అవుతుంది, అప్పటిదాకా మాత్రం ఆ డబ్బు మన చేతిలో ఉండదు.

ఇదంతా చెబితే ఆయన కాసేపు సముద్రం వైపు చూసి, "అయితే జపాన్ నయమా?" అన్నారు. జపాన్‌లో విదేశీయుడు స్థలమూ ఇల్లూ కొనుక్కోవడానికి అడ్డు లేదు. కానీ ఇల్లు కొన్నందుకు వీసా ఇవ్వరు. చిన్న కంపెనీ పెట్టి, పాత ఇంట్లో అతిథులని ఉంచుకుని, ఆ దారిన వీసా సంపాదించినవాళ్లు ఉండేవారు. 2025 అక్టోబరు నుంచి ఆ వీసాకి కావలసిన పెట్టుబడిని 50 లక్షల యెన్ల నుంచి ఏకంగా 3 కోట్లకి పెంచేశారు. మా పిల్ల అక్కడ ఎనిమిదేళ్లు ఉద్యోగం చేసి, శాశ్వత నివాసం వచ్చాకే ఇంటి జోలికి వెళ్లింది. దానికి ఆ భాష వచ్చు. ఇంట్లో కూర్చుని పనిచేసుకునే ఉద్యోగం ఉంది. ఇవేవీ లేకుండా వీడియో చూసి బయల్దేరేవాళ్లకి నా వ్యాసంలో ఊతం దొరకదు. నా స్నేహితురాలైతే భర్తకి ముందు అప్పుఘర్ దగ్గర ఉన్న సొంత ఫ్లాటు బాత్రూములో లీకు బాగుచేయించమంది.

మా ఇల్లు

ఇప్పుడు మావాళ్లు దెప్పిపొడిచే ఆ ముత్తాత ఇంటి సంగతి. పద్మనాభం దాటాక లోపలికి వెళ్తే మా ఊరు. వీధి అరుగులు, మధ్యలో నడవ, వెనక పెరడు, తాటి దూలాలు, తాటి వాసాలు, నాటు పెంకులు. తాతగారు 1979లో పోయారు, వీలునామా రాయలేదు. నలుగురు కొడుకులు, ఒక కూతురు. వాళ్లలో ఇప్పుడు ఉన్నది మా చిన్నాన్న ఒక్కరే. మిగతావాళ్ల పిల్లలం కలిపి లెక్కేస్తే ఆ ఇంటి మీద సంతకం పెట్టాల్సినవాళ్లం పదకొండుమందిమి. విశాఖలో, విజయనగరంలో, భిలాయిలో, ఖరగ్‌పూర్‌లో, ఒకరు న్యూజెర్సీలో.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఊళ్లో అప్పటికి చిన్నాన్న ఉండేవారు. ఈశాన్యం వైపు పెంకులు లేచిపోయాయి, రెండు వాసాలు విరిగాయి. మేస్త్రీ లక్షా ఎనభై వేలు అన్నాడు. తలా పదహారు, పదిహేడు వేలు. పెద్ద మొత్తమేం కాదు. భిలాయి నుంచి మా పెదనాన్న కొడుకు ఫోన్ చేసి, "మా నాన్న వాటా పడమటి గది కదా, పడమటివైపు పెంకులు చెక్కుచెదరలేదని మీరు పంపిన ఫోటోలోనే కనబడుతోంది" అన్నాడు. నిజానికి ఆ ఇంటికి పంపకాలే జరగలేదు, పడమటి గది ఎవరిదీ కాదు. ఆయన అలా అన్నాక ఖరగ్‌పూర్ వాళ్లు కూడా ఆలోచిస్తామన్నారు. చివరికి అన్నయ్య నీలం బరకం కొనుక్కెళ్లి పైన కప్పించాడు. చుట్టూ ఇటుకలు పేర్పించాడు. ఆ బరకం ఎండకి పిగిలిపోతే ఇంకోటి వేశాం. పెంకులు మాత్రం వేయలేదు.

అందరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. 2019లో మా మేనకోడలు సెలవు మీద వచ్చినప్పుడు, "పదిహేను లక్షలు నేను పెడతాను, ఇల్లు నిలబెడదాం, ఎవరొచ్చినా ఉండొచ్చు" అని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "రేపు బాగుచేయించాను కాబట్టి నాదే అంటే?" అని ఒకరు. "భోగాపురం ఎయిర్‌పోర్టు రానీ, అప్పుడు ఇల్లు కాదు, స్థలం లెక్క" అని ఇంకొకరు. "ఆడపిల్ల డబ్బుతో ఎందుకమ్మా" అని చిన్నాన్న. నేనేమన్నానో కూడా గుర్తుంది. "తొందరేముందే, చూద్దాం" అన్నాను.

అది అడిగింది. మేం ఒప్పుకోలేదు. ఆరేళ్ల తర్వాత గృహప్రవేశంలో కూర్చుని "ఇక్కడ ఇల్లు కూలిపోతుంటే" అని నవ్వాం.

వకయామాలో

సింగపూర్ మీదుగా ఒసాకా చేరి, అక్కడి నుంచి రెండున్నర గంటలు కారులో. చివరి అరగంటా బత్తాయిల్లాంటి కాయలతో విరగకాసిన తోటల మధ్య నుంచి ఎక్కడమే. మీకాన్ అంటారు, కమలాపండుకి తమ్ముడు. మలుపు తిరగ్గానే ఇల్లు కనబడింది. నేను ముందు చూసింది ఇంటి వెనక పశువుల కొట్టం మీద కప్పిన నీలం బరకం. మా ఊరి బరకం నీలమే అది, రవ్వంత తేడా లేదు. నవ్వొచ్చింది, నవ్వలేదు.

ఇంటి ధర 35 లక్షల యెన్లు, అంటే సుమారు ఇరవై లక్షల రూపాయలు. ఎంవీపీ కాలనీలో ఆ డబ్బుకి ఒక గది కూడా రాదని మావాళ్లు లెక్కలేశారు. రిపేర్లకి అప్పటికే ఇంకో 80 లక్షల యెన్లు అయ్యాయి, వంటగది ఇంకా మొదలే పెట్టలేదు. అక్కడ చెక్క ఇంటికి పన్నుల లెక్కలో ఆయుష్షు 22 ఏళ్లు. అది దాటితే మార్కెట్టులో ఇంటికి విలువ దాదాపు లేనట్టే, స్థలానిదే ధర. కాబట్టి వాళ్లు పెట్టే ప్రతి యెన్నూ తిరిగిరాదని తెలిసే పెడుతున్నారు. బ్యాంకులో ముప్ఫై రెండేళ్లు ఆస్తుల మీద లోన్లు ఇచ్చినదాన్ని, నాకు అది మింగుడుపడలేదు. ఇప్పటికీ పూర్తిగా పడలేదు.

పెంకుల సంగతి మా బావకి చెప్పాలి. అది పెంకులు నేయించడం లేదు, తీయించేసింది. ఆ ప్రాంతపు పాత ఇళ్లలో పెంకుల కింద మట్టి పరిచి ఉంటుంది, కప్పు బరువు టన్నుల్లో ఉంటుంది. భూకంపం వస్తే ఆ బరువే ఇంటిని పడగొడుతుంది. జపాన్‌లో 1981 జూన్‌లో ఇళ్ల నిర్మాణ నిబంధనలు గట్టి చేశారు, ఈ ఇల్లు అంతకు చాలా ముందుది. 2024 జనవరి 1న నోటో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చి పాత చెక్క ఇళ్లు కుప్పలుగా కూలినప్పుడు మా అన్నయ్యకి ఇక్కడ నిద్ర పట్టలేదు. అందుకే వీళ్లు ఇల్లు కొన్నాక ముందు పెంకులూ మట్టీ దింపి, పైన తేలికపాటి లోహపు రేకు వేయించి, గోడల్లో ఏటవాలు కర్రలు బిగించారు. ఏడు సముద్రాలు దాటి వెళ్లి రేకుల ఇల్లు కట్టుకుందని మావాళ్లు ఇంకో పదేళ్లు చెప్పుకుంటారు.

వడ్రంగి ఆయనకి 74 ఏళ్లు. ఒక మధ్యాహ్నం పెచ్చులూడిన గోడని చూపించాడు. లోపల చీల్చిన వెదురు బద్దలు గడ్డితాడుతో కట్టిన తడిక, దాని మీద ఎండుగడ్డి ముక్కలు కలిపిన మట్టి. పెరట్లో కొత్త మట్టి గడ్డితో కలిపి నెలలుగా నానబెట్టి ఉంచారు. పైన కప్పిన పట్టా తీయగానే వాసన వచ్చింది. నాకు ఆ వాసన తెలుసు. మా నాయనమ్మ వాళ్లు గోడకి మట్టి తొక్కేటప్పుడు మూడో రోజు వచ్చే వాసన అది. చీర పైకి దోపుకుని దిగి తొక్కుతానన్నాను. మా పిల్ల అది జపనీస్‌లో చెబితే ఆయన గంభీరంగా తల ఊపి, నాకు సరిపోయే రబ్బరు బూట్లు వెతికి తెచ్చిపెట్టాడు. చెదల్ని వాళ్లు తెల్ల చీమలంటారట. దాని మీద మాత్రం నాకూ ఆయనకీ అనువాదం లేకుండానే చాలాసేపు మాటలు సాగాయి.

ఊళ్లో ముప్ఫై ఇళ్లుంటే పదకొండు ఇళ్లలోనే దీపాలు వెలుగుతాయి. మళ్లీ పదకొండే. ఒక ఆదివారం పొద్దున్న ఎనిమిదికి అందరూ కలిసి దారుల పక్క గడ్డి కోశారు. ఇంటికి ఒక మనిషి రావాలని నియమం. అల్లుడికి జ్వరం, మా పిల్ల పాపతో ఉంది, అందుకని నేను వెళ్లాను. వచ్చినవాళ్లలో నాకంటే చిన్నవాళ్లు ఇద్దరే. నా వయసు 61.

కుంచం

2023 లెక్కల ప్రకారం జపాన్‌లో ఖాళీ ఇళ్లు 90 లక్షలు, మొత్తం ఇళ్లలో 13.8 శాతం. ఇన్ని ఇళ్లు ఉండగా కొనడానికి ఒక్కటి దొరకడం ఎందుకు కష్టమైందని అడిగాను. వీళ్లకి ఇది నాలుగో ఇల్లట. మొదటి మూడింటికీ అమ్మకం కుదరలేదు. కారణం విని నాకు నోట మాట రాలేదు. పేర్లు మారలేదు! తాత పేరు మీదే ఉండిపోయిన ఇళ్లు, వారసులు పది ఊళ్లలో, ఒకరు సంతకం పెట్టరు, ఒకరి అడ్రసే తెలియదు. ఈ బాధ పడలేకే అక్కడి ప్రభుత్వం 2024 ఏప్రిల్ నుంచి వారసత్వాన్ని మూడేళ్లలో రిజిస్టరు చేయించుకోవాలని, లేకపోతే లక్ష యెన్ల దాకా జరిమానా అని చట్టం తెచ్చింది. పాడుబడ్డ ఇంటిని పడగొట్టరెందుకంటే, ఇల్లున్న స్థలానికి పన్ను తక్కువ. కూలిస్తే ఆ రాయితీ పోతుంది. అక్కర్లేని వారసత్వపు స్థలాన్ని డబ్బు ఎదురు కట్టి మరీ ప్రభుత్వానికి వదిలించుకునే పద్ధతి 2023లో మొదలైంది. స్థలం వదిలించుకోవడానికి ఎదురు డబ్బు కట్టడం! ఈ మాట తగరపువలసలో చెబితే పిచ్చాసుపత్రిలో చేర్పిస్తారు.

అక్కడే నాకు తేడా అర్థమైంది. వాళ్ల ఊళ్లో స్థలానికి ధర పడిపోయి ఇళ్లు పాడుబడ్డాయి. మా ఊళ్లో ధర పెరుగుతోంది కాబట్టే పాడుబడుతున్నాయి. ఎవరూ వదలరు, ఎవరూ ఉండరు. బాగుచేస్తే రేపు స్థలం అమ్మేటప్పుడు అడ్డం. ఇంటి మీద ప్రేమ విషయంలో మేం ఎవరికీ తీసిపోం, కాకపోతే ఆ ప్రేమని సెంటు ఇంత అని లెక్కేసుకుని దాచుకున్నాం. ఇలాంటి చోట ఒక్క పిల్ల పదిహేను లక్షలు పట్టుకుని వచ్చినా చేయగలిగింది లేదు. అందుకని అది ఏడు దేశాల అవతల, ఎవరో వారసులు కొట్లాట ముగించి సంతకాలు పెట్టిన ఇల్లు వెతుక్కుంది.

ఆ సంతకాలు ముగ్గురివి. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. ఇంట్లో వాళ్ల పూర్వీకుల పూజా మందిరం అలాగే ఉండిపోతే, దాన్ని తీయించడానికి ముందు బౌద్ధ పూజారిని పిలిపించి క్రతువు చేయించారట. ఆ రోజు పెద్దాయన ఒక్కడే టోక్యో నుంచి వచ్చాడు. ఏమైనా తీసుకెళ్తారా అంటే సామాన్లన్నీ చూసి, బియ్యం కొలిచే చెక్క కొలపాత్ర ఒకటి, పలకలుగా ఉంటుంది, దాన్ని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడని మా పిల్ల చెప్పింది.

మా ఇంట్లో ఇత్తడి కుంచం ఉండేది. నాయనమ్మ పోయిన పదకొండో రోజున దాని గురించి మా పిన్నికీ మేనత్తకీ మాటా మాటా వచ్చి, ఇరవై రెండేళ్లు ఒకరింటికొకరు వెళ్లలేదు. ఆ కుంచం ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు.

నాకున్న అనుమానాలు

మా పిల్ల చేసింది పూర్తిగా సరైన పని అని కూడా అనలేను. దగ్గరి ఆసుపత్రి కారులో నలభై నిమిషాలు. పాప చేరబోయే బడిలో మొత్తం తొమ్మిదిమంది పిల్లలు. వచ్చే ఐదేళ్లలో మూసేస్తారేమో అని వాళ్లే అనుకుంటున్నారు. మూసేస్తే మళ్లీ పట్నమే. అప్పుడు ఆ ఇల్లు ముప్ఫైలో ఇంకో చీకటి ఇల్లవుతుంది, కాకపోతే కొత్త రేకుతో. "ఊరిని నిలబెడుతున్నావా?" అని అడిగాను ఒకసారి, కొంచెం వెటకారంగానే. "ఊరిని కాదత్తా, వంటగదిని. మార్చిలోపు సింకు పెట్టాలి" అంది.

రెండో అనుమానం ఇంకా గట్టిది. పరాయి ఇంటి మీద పడే కష్టం తేలిగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే అందులో మన గొడవలు లేవు. ఆ దూలం కింద మనం ఎవరితోనూ దెబ్బలాడలేదు. మా ఇంట్లో అయితే ఏ గది తలుపు తీసినా ఎవరో అలిగి కూర్చున్న జ్ఞాపకమే. ఇది పారిపోవడం కాదా అని నా మనసులో ఉంది. అదీ నిజమే అయ్యుండొచ్చు. కానీ పారిపోయినది అనుకుందామన్నా, అది గడ్డి కోతకి వెళ్తోంది, ఊరి సంఘానికి చందా కడుతోంది, ఎదురింటి ముసలావిడ ఇచ్చిన పండ్లకి బదులుగా నేను తెచ్చిన ఆవకాయలో సగం ఇచ్చేసింది (ఆవిడ దాన్ని ఏం చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు). మేం ఎక్కడికీ పారిపోకుండా మా ఊరికి గంట దూరంలోనే ఉన్నాం. మా ఊరి గడ్డి ఎవరు కోస్తున్నారో నేను చెప్పలేను.

డిసెంబరు చివర్లో ఊరికి వెళ్లాను. పడమటి గది కూడా దిగింది ఇప్పుడు, భిలాయి ఆయనకి ఫోటో పంపాను. అరుగు మీద మా ఇంకో చిన్నాన్న కొడుకు నాకోసం కూర్చుని ఉన్నాడు. తగరపువలసలో స్కూలు వ్యాను నడుపుతాడు, అద్దె కొంపలో ఉంటాడు. "అక్కా, నేను ఇందులో ఉంటాను. వెనకవైపు కూలగొట్టేసి ముందువైపు రెండు గదులు నిలబెట్టుకుంటాను. ఒక్కొక్కరి వాటా డబ్బు నెమ్మదిగా ఇచ్చేస్తాను. ముందు ఎవరో ఒకరు సంతకం పెడితే మిగతావాళ్లని అడగడానికి నాకు నోరొస్తుంది" అన్నాడు. హక్కు విడుదల పత్రం ముసాయిదా కూడా రాయించి తెచ్చాడు, నా పేరు దగ్గర ఖాళీ వదిలి.

మొదటి సంతకం నాదే కావాలని తిరుగు బస్సులో ఆనందపురం దాకా అనుకుంటూ వచ్చాను. ఎయిర్‌పోర్టు రోడ్డు బోర్డు చూశాక, మా అబ్బాయిని కూడా ఒకమాట అడగాలి కదా అనిపించింది. వాడు పోయిన వారం ఫోన్ చేశాడు. ఇంకేవేవో మాట్లాడుకున్నాం. కాగితం నా టేబులు సొరుగులో, కరెంటు బిల్లుల కింద ఉంది.